గట్టు మీద ఓట్ల లెక్క

మా నరసాపురంలో సాయంకాలం ఐదు దాటాక నలుగురు మనుషులు కూచుని మాట్లాడుకోవడానికి వశిష్ఠ గోదావరి గట్టును మించిన చోటు లేదు. ఎదర సఖినేటిపల్లి రేవునుంచి పంటు వస్తూంటుంది, ఇటునుంచి పోతూంటుంది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఆస్పత్రికి వచ్చి వెళ్ళేవాళ్ళు, పెళ్ళి బట్టలు కొనుక్కున్నవాళ్ళు అందరూ ఒకే బల్ల మీద నిలబడి ఏరు దాటుతూంటారు. మేం నలుగురం, అంటే నేనూ, లెక్కల మేష్టారూ, వకీలుగారూ, లేసు వ్యాపారం చేసే నా చిన్ననాటి స్నేహితుడూ, పదిహేనేళ్ళుగా ఆ గట్టు మీద కూచుని దేశాన్ని బాగుచేస్తున్నాం. దేశం మా మాట వినడం లేదు గాని మేం మానలేదు.

దేశం కంటే ముందు ఇంటి సంగతులు వస్తాయి. వకీలుగారి మోకాలి నొప్పి. కువైట్‌లో ఉన్న లెక్కల మేష్టారి అబ్బాయి రెండు వారాలుగా ఫోను చెయ్యకపోవడం. మా అమ్మాయి డిగ్రీలో తెలుగే చదువుతానని పట్టుబట్టడం. తెలుగు చెప్పుకుని బతికే తండ్రికి ఇంతకన్న సంతోషం ఏముంటుందని మీరనుకోవచ్చు. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మొన్నొక సాయంకాలం లేసు మిత్రుడు ఆలస్యంగా వచ్చాడు. ఎవర్నీ పలకరించకుండా ఓ పక్కగా కూలబడ్డాడు.

"ఏరా, అలా ఉన్నావు?" అన్నాను.

"ఓడిపోయానురా."

"ఎక్కడ నిలబడ్డారండీ, మాతో మాట మాత్రం చెప్పకుండా?" అన్నారు వకీలుగారు.

"మా ఇంట్లోనే."

సంగతి ఇదీ. వాళ్ళమ్మగారికి డెబ్బయ్యెనిమిదేళ్ళు. భర్త పోయి పన్నెండేళ్ళయింది. పాత పెంకుటింట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు. మా వాడి కాపురం రెండు వీధులవతల. పొద్దున్నా సాయంత్రమూ వెళ్ళి చూసి వస్తూంటాడు. రెండు నెలల క్రితం ఆవిడ నూతి చప్టా మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. పిండికట్టు తీశారు గాని, ముగ్గురు పిల్లల గుండెల్లోనూ బెంగ మాత్రం తీసేవాళ్ళు లేకపోయారు. పెద్దకొడుకు హైదరాబాదులో ఉంటాడు. కూతురు రాజమండ్రిలో. ఆదివారంనాడు ముగ్గురూ ఫోనులో కలుసుకున్నారు. మూడు దారులు తేలాయి: ఇల్లు అమ్మేసి అమ్మను హైదరాబాదు తీసుకుపోవడం, అమ్మ ఈ ఇంట్లోనే ఉండడం, లేదా నాలుగేసి నెలల చొప్పున ముగ్గురి దగ్గరా వంతులు.

"అన్నయ్య చాలా న్యాయంగా అడిగాడు," అన్నాడు మిత్రుడు. "ముందు 'ఇక్కడా, వంతులా?' అన్నాడు. నేనూ అన్నయ్యా 'ఇక్కడే' అన్నాం, చెల్లెలు వంతులంది. సరే, వంతులు పోయింది. తర్వాత 'ఇక్కడా, హైదరాబాదా?' అన్నాడు. అన్నయ్యా చెల్లెలూ ఒకటైపోయారు. రెండు ఓట్లకి ఒకటి. ధర్మంగానే ఓడిపోయాను. అదే నా బాధ. ఎవర్ని తిట్టుకోనూ?"

"ధర్మంగా" అన్న మాట వకీలుగారి చెవిన పడిందంటే ఇంక వదలరు.

"ఏ ధర్మం బాబూ? ఎన్నికల్లో ధర్మం ఒకటి కాదు. లెక్కపెట్టే పద్ధతికో ధర్మం. 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభకి ఎన్నికలు జరిగితే ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులకి 41 స్థానాలొచ్చాయి. సుమారు మూడేళ్ళకి, 1955లో, ఆంధ్రరాష్ట్రానికి ఎన్నికలొచ్చాయి. వాళ్ళ ఓట్ల శాతం తగ్గలేదు సరిగదా, పెరిగి 31 దాకా వచ్చింది. స్థానాలెన్ని? 196లో పదిహేను!"

"ఓట్లు పెరిగితే సీట్లు తగ్గడమేమిటండీ?" అన్నాడు లేసు మిత్రుడు, తన బాధ క్షణం మరిచి.

"మొదటిసారి అవతలి ఓట్లు నాలుగు దిక్కులా చీలాయి. రెండోసారి కాంగ్రెసూ, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకే కూటమిగా నిలబడ్డాయి. ఆ కూటమికి ఓట్లు సుమారు సగం, స్థానాలు 146. మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే స్థానం. రెండోవాడి ఓట్లన్నీ గోదాట్లో కలిసినట్టే."

ఆ గోదావరి మీదుగా ఎదటి ఒడ్డు చూపించారు. అది రాజోలు నియోజకవర్గం. 2019లో జనసేనకి రాష్ట్రమంతా కలిపి వందకి ఐదున్నర వంతు ఓట్లు పడితే, దక్కిన ఒక్క స్థానం ఆ ఒడ్డుదే. అంతకుముందు 2008లో ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవిగారి స్వగ్రామం మా పక్కనున్న మొగల్తూరు. 2009లో ఆయన మా పొరుగున పాలకొల్లులో ఓడి, తిరుపతిలో నెగ్గారు. ఆ పార్టీకి వందకి పదహారు ఓట్లొచ్చాయి. ఆ లెక్కన 294లో నలభైఏడు రావాలి, వచ్చినవి 18. విభజన తర్వాత లెక్క ఇంకా చిత్రం. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లకి 175లో 23 స్థానాలొచ్చాయి. 2024లో వైయస్సార్ కాంగ్రెసుకి అదే 39 శాతానికి పదకొండే! ఆ రెండుసార్లూ గెలిచినవాళ్ళకి నిండా సగం, సగం మీద కొంచెం ఓట్లు పడితే, స్థానాలు 151, 164.

"ఓడినవాడికే ఈ శాతాలు గుర్తొస్తాయి," అన్నారు వకీలుగారు. "గెలిచినప్పుడు ఎవరికీ గుర్తుండవు. అన్ని పార్టీలకీ ఒకసారి చేదు, ఒకసారి తీపి."

"ఎన్ని ఓట్లకి అన్ని స్థానాలూ పంచే దామాషా పద్ధతి పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"పెట్టుకున్న దేశాలున్నాయి. ఐతే మన నరసాపురం ప్రతినిధి ఎవరయ్యా అని అడిగితే చెప్పడం కష్టం. రోడ్డు గుంట పడిందని ఎవరింటికి వెళ్తావు? మన పెద్దలు రాజ్యాంగం రాసేటప్పుడు ఆ వాదన వినకపోలేదు. లోక్‌సభకి వద్దనుకున్నారు. రాజ్యసభకీ రాష్ట్రపతికీ మాత్రం బదిలీ ఓటు పెట్టారు."

రాష్ట్రపతి మాట వచ్చేసరికి వరాహగిరి వెంకటగిరిగారు వచ్చారు. ఇది వకీళ్ళకి కంఠతా వచ్చిన కేసు. 1957లో గిరిగారు పార్వతీపురంనుంచి లోక్‌సభకి నిలబడ్డారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం; ఒక స్థానం గిరిజనులకి కేటాయించింది. లెక్క ఇలాగ: గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ముందు ఆ కేటాయించిన స్థానం ఇచ్చెయ్యాలి. మిగిలినవారందరిలో ఎవరికెక్కువ వస్తే వారికి రెండోది. తీరా చూస్తే మొదటి ఇద్దరూ గిరిజనులే అయ్యారు. బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర. గిరిగారు ఆరువందల లోపు ఓట్ల తేడాలో మూడోవారు. రెండు స్థానాలూ ఒకే వర్గానికి పోవడమేమిటని ఆయన కోర్టుకెక్కారు. కేటాయింపు అంటే కనీసం ఇంత అని గాని, ఇంతకు మించకూడదని కాదు, గిరిజనుడు రెండోదానికి తగడా అన్నట్టుగా 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదన తోసిపుచ్చింది. నన్నడిగితే ఆ తీర్పే సబబు. 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలే తీసేశారు.

పద్ధతి ఆయన్ని అలా ఓడించిందా? పన్నెండేళ్ళకి మరో పద్ధతి ఆయన్ని గెలిపించింది. 1969 మే నెలలో జాకిర్ హుస్సేన్‌గారు పోయారు. రాష్ట్రపతి పదవికి పదిహేనుమంది పోటీ. అసలు పోటీ మాత్రం ఇద్దరు తెలుగువాళ్ళకే: స్వతంత్రుడిగా గిరిగారు, కాంగ్రెసు అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిగారు. మూడోవారు సి. డి. దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్యం ఓట్ల విలువ గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. అట్టడుగునుంచి ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ళ కాగితాల మీద రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూసి బదిలీ చేస్తూ వచ్చారు. అలా వచ్చిన ఓట్లు ఎక్కువ భాగం రెడ్డిగారికే పోయాయి! అయినా గిరిగారికి కావలసిన కాస్తా వచ్చింది. 4,20,077తో ఒడ్డెక్కారు, రెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. ఇంతవరకూ రెండో ప్రాధాన్యం దాకా వెళ్ళి తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. రెడ్డిగారు 1977లో పోటీ లేకుండా ఆ పదవిలోకి వచ్చారనుకోండి.

ఈ బదిలీ ఓటు నాకు కొత్త కాదు. ఉపాధ్యాయుల నియోజకవర్గంనుంచి శాసనమండలికి ఎన్నిక వచ్చినప్పుడల్లా మేం వేసేది అదే. ముద్రా లేదు, మీటా లేదు. వాళ్ళిచ్చిన ఊదారంగు పెన్నుతోనే పేర్ల ఎదట 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. 2024 డిసెంబరులో వేసినప్పుడు, పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ, అంకె కింద గీత కూడా గీయబోయి ఆగాను.

"అందులో ఒక సుఖం ఉంది," అన్నాను. "మనవాడు గెలవడని తెలిసినా మొదటి ఓటు ధైర్యంగా మనవాడికే వెయ్యొచ్చు. ఓటు వృథా అయిందన్న బెంగ ఉండదు."

ఇంతసేపూ లెక్కల మేష్టారు ఒక్కమాట మాట్లాడలేదు. కొబ్బరి ఈనె పుల్లతో ఇసకలో ఏవో గీస్తున్నారు. ఆయన మౌనంగా ఉన్నారంటే ఎవరికో తొమ్మిది మార్కులు పోబోతున్నాయన్నమాట.

"ఏమండీ," అన్నారు లేసు మిత్రుడితో, "మీ ముగ్గురిలో ఎవరికి ఏది మొదటిది, ఏది రెండోది, ఏది మూడోది? సరిగ్గా చెప్పండి."

వాడు చెప్పాడు. అన్నయ్యకి హైదరాబాదు మొదటిది. కాకపోతే ఇక్కడే ఉండనీ, ముసలావిణ్ణి వంతులేసి ఊళ్ళు తిప్పడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. వీడికి ఇక్కడ మొదటిది. తప్పదంటే వంతులు, హైదరాబాదు ఆఖరు. చెల్లెలికి వంతులు మొదటిది, కాకపోతే హైదరాబాదు. ఆ నుయ్యీ, ఆ చీకటి వంటిల్లూ తలుచుకుంటేనే దానికి భయం. ఇక్కడ అన్నది ఆఖరు.

మేష్టారు ఇసకలో మూడు వరసలు రాసి, పుల్లతో కొడుతూ చూపించారు. ఇక్కడికీ హైదరాబాదుకీ పోటీ పెడితే హైదరాబాదు గెలుస్తుంది, రెండుకొకటి. నిజమే. ఇక్కడికీ వంతులకీ పెడితే ఇక్కడే గెలుస్తుంది, రెండుకొకటి. అదీ నిజమే.

"మరి హైదరాబాదుకీ వంతులకీ పోటీ పెట్టారా?"

"లేదండీ. వంతులు ముందే పోయిందిగా!"

"పెడితే మీరూ మీ చెల్లెలూ వంతులకే వేస్తారు. రెండుకొకటి. అంటే మీ అన్నగారు గెలిపించిన హైదరాబాదు, ఆయన ముందే ఓడించి పంపించిన వంతుల చేతిలో ఓడిపోతుంది."

మేం ముగ్గురం వంగి చూశాం. ఒకటి రెండోదాన్ని గెలుస్తుంది, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్ళీ మొదటిదాన్ని. కుక్క తన తోకను తరుముకున్నట్టు గుండ్రంగా తిరుగుతోంది. ఏ రెండింటికి ముందు పోటీ పెడతారో దాన్నిబట్టి ఆఖరికి మిగిలేది మారిపోతుంది. హైదరాబాదూ వంతులూ ముందు తలపడితే వంతులు నెగ్గి, తర్వాత ఇక్కడ చేతిలో ఓడుతుంది. అప్పుడు మా వాడే గెలిచేవాడు!

"అన్నయ్య మోసం చేశాడంటారా?" అన్నాడు మిత్రుడు. గొంతు మారింది.

"పాపం, ఆయనకి తోచిన వరసలో అడిగాడు. కొండర్సే అని ఫ్రెంచాయన 1785లోనే ఈ చిక్కు పుస్తకం రాసి చూపించాడు. కెన్నెత్ ఆరో అని అమెరికా ఆర్థికవేత్త 1951లో ఇంకా ముందుకెళ్ళాడు. పోటీలో మూడో, అంతకెక్కువో ఉన్నప్పుడు, మనం న్యాయమని ఒప్పుకునే నాలుగైదు మామూలు షరతుల్ని అన్నిటినీ ఎప్పుడూ నిలబెట్టే ఓటు పద్ధతి ఏదీ ఉండదని రుజువు చేశాడు. 1972లో నోబెల్ బహుమానం ఇచ్చారు."

"లేదని చెప్పినందుకు బహుమానమా!" అన్నారు వకీలుగారు. మా వృత్తిలో లేదని చెపితే ఫీజు కూడా రాదు అని గొణిగారు.

లేసు మిత్రుడు అప్పటికే ఫోను తీశాడు. "ఇప్పుడే అన్నయ్యకి చేస్తాను. మళ్ళీ మొదటినుంచీ, నా వరసలో అడుగుతాను."

"అడగండి," అన్నారు మేష్టారు. "గెలుస్తారు. అన్నగారు తెలియక చేసింది మీరు తెలిసి చేస్తారు. అంతే తేడా."

వాడి చెయ్యి ఆగిపోయింది. పంటు రేవు చేరింది. దిగేవాళ్ళ గోలలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. నాకున్న లెక్కల పరిజ్ఞానం పదో తరగతితో సరి. ఐనా ఇసకలో ఆ మూడు వరసలు చూస్తుంటే ఏదో లోటనిపించింది.

"పిన్నిగారు ఏమన్నార్రా?" అన్నాను.

"దేనికి?"

"ఈ మూడిట్లో ఆవిడకి ఏది కావాలంది?"

వాడు నావంక చూసి, గోదారి వంక చూసి, "అమ్మనడగలేదురా. బాధపడుతుందని..." అన్నాడు.

ఎన్నికల చర్చలో గంటన్నర గడిపి ఓటర్ల జాబితా చూడ్డం మరిచిపోయాం! 1952 ఎన్నికలకి జాబితాలు తయారుచేసినప్పుడు, ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువగా, తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననీ, ఫలానావారి కూతురుననీ రాయించుకున్న ఆడవాళ్ళు లక్షలమంది. అలాంటి సుమారు 28 లక్షల మందిని మొదటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ జాబితాలోంచి తీసెయ్యాల్సి వచ్చింది. అంత దూరమెందుకు? మా ఊరి లేసు సంగతే చూడండి. ఇళ్ళల్లో కూచుని క్రోషా సూదితో ఆడవాళ్ళు అల్లిన లేసు దేశదేశాలకి వెళ్ళింది. అల్లినవాళ్ళు మాత్రం పనివాళ్ళ లెక్కలోకి రాలేదు, ఖాళీగా ఉన్న గృహిణులే అయ్యారు. జర్మనీనుంచి మరియా మీస్ అనే పండితురాలు వచ్చి, ఆ సంగతి మీద 1982లో ఒక పుస్తకమే అచ్చువేసింది. మా పిన్నిగారి చేతులు ఆ లెక్కలోవే. వాళ్ళ చదువులకి సగం డబ్బు ఆ సూదిలోంచే వచ్చింది.

"అన్నట్టు, ఆ కొండర్సేగారే 1790లో ఆడవాళ్ళకి కూడా పౌరహక్కులుండాలని రాశాడండి," అన్నారు లెక్కల మేష్టారు లేస్తూ, ప్యాంటుకంటిన ఇసక దులుపుకుంటూ.

నలుగురం నడిచి వెళ్ళాం. పిన్నిగారు అరుగు మీద కూచుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో మెల్లిగా పిసుక్కుంటున్నారు. సూదీ దారపుండా ఉన్న డబ్బా పక్కనే ఉంది, మూత తియ్యలేదు. నలుగుర్నీ ఒక్కసారి చూసి కంగారుపడ్డారు. కాఫీ పెడతానని లేవబోతే వారించాం.

లెక్కల మేష్టారే చెప్పారు, క్లాసులో చెప్పినట్టు. మూడు దారులూ చెప్పి, "అమ్మా, మీకు ఏది ఒకటి, ఏది రెండు, ఏది మూడు?" అని అడిగారు.

ఆవిడ కొడుకు వంక చూశారు. "మీరంతా మాట్లాడుకున్నారా?" అన్నారు. వాడు తల వంచుకున్నాడు.

కాసేపటికి ఆవిడ చెప్పారు. "రాజమండ్రిలో నెల్లాళ్ళుండి వచ్చాను. బాగానే చూసుకుంది, పిచ్చిపిల్ల. హైదరాబాదులో వాడిది ఎనిమిదో అంతస్తు. తలుపు తీస్తే ఇంకో తలుపు కనిపిస్తుంది. అన్నం వేళకి పెడతారు, మాట వేళకి దొరకదు. నాకు ఒకటి ఇక్కడే, బాబూ." ఆగి, "రెండోది కూడా చెప్పాలా? చెప్పకపోతే చెల్లదా?" అన్నారు.

మేష్టారు నావంక చూశారు. శాసనమండలి ఓటరుని నేనే గదా!

"చెల్లుతుంది, పిన్నిగారూ. ఒకటి అంకె ఉంటే చాలు," అన్నాను.

"ఐతే ఒకటే."

లెక్కల మేష్టారు ఊరుకోలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగో ఓటు పడ్డాక ఇక్కడ అన్నది దేని చేతిలోనూ ఓడదనీ, ఐతే హైదరాబాదుని ఓడించనూ లేదనీ, రెండుకి రెండు సరిసమానమనీ నా చెవిలో చెప్పారు. పిన్నిగారు ఈలోగా కొడుకుని ఫోను కలపమన్నారు. వాడు అన్నయ్యకి చెయ్యబోతే, "వాడికి కాదు, ముందు చెల్లెలికి," అన్నారు. ఎడంచేత్తో ఫోను చెవికి పెట్టుకుని, "ఏమే, నీకు భయమేమిటో అది చెప్పు ముందు," అన్నారు.

మేం ముగ్గురం వీధిలోకి వచ్చేశాం.

నిన్న సాయంకాలం లేసు మిత్రుడు గట్టుకి రాలేదు. తాపీమేస్త్రీ దొరికాడనీ, నూతి చప్టా గరుకుగా చేయించి స్నానాలగది దాకా గోడకి పట్టుకునే కమ్మీ బిగిస్తున్నామనీ కబురు పంపాడు. చెల్లెలు రాజమండ్రినుంచి వచ్చి దగ్గరుండి చూస్తోందట. అన్నగారు శనివారం రైలుకి వస్తున్నారట.